టీవీ పంతులుగారి అసలు శిష్యులు

1984 ఆగస్టు 15న యూజీసీ వారు కాలేజీ కుర్రాళ్ళ కోసమని దూరదర్శన్‌లో ఒక కార్యక్రమం మొదలెట్టారు. పేరు కంట్రీవైడ్ క్లాస్‌రూమ్. అంతకు ముందు ఏడాదే ఇన్‌శాట్-1బి ఉపగ్రహం అమెరికా వాళ్ళ స్పేస్ షటిల్ ఎక్కి వెళ్ళి పైన కుదురుకుంది. చిన్న ఊళ్ళ కాలేజీల్లో చదివేవాళ్ళకి కూడా పెద్ద ప్రొఫెసర్ల పాఠం అందాలని ఆశయం. ఆశయం గొప్పదే, ముహూర్తం దగ్గరే తేడా వచ్చింది. అది వచ్చేది మధ్యాహ్నం భోజనాల వేళ. ఆ వేళకి కాలేజీ కుర్రాడన్నవాడు కాలేజీలోనన్నా ఉంటాడు, మాట్నీ క్యూలోనన్నా ఉంటాడు. ఇంట్లో మాత్రం ఉండడు.

మా ఇంట్లో ఆ వేళకి ఉండేది మా మామ్మ.

అన్నం తిని, మంచం మీద ఓ పక్కకి ఒరిగి, అడకత్తెరతో వక్కలు కత్తిరించుకుంటూ ఆవిడ దేశవ్యాప్త తరగతికి హాజరయ్యేది. పాఠం ఇంగ్లీషులో. ఆవిడకి ఇంగ్లీషు రాదు. ఆ సంగతి ప్రొఫెసరు గారికి తెలీదు కాబట్టి ఇద్దరికీ ఇబ్బంది లేదు. "పాపం, అంతసేపట్నించీ నించోబెట్టి మాట్లాడిస్తున్నారు, ఓ గ్లాసుడు మజ్జిగన్నా ఇవ్వరుటే" అనేది మా అమ్మతో. లెక్కల పాఠం వస్తే కళ్ళు మూసుకునేది. బొమ్మలున్న పాఠమైతే రెప్ప వేసేది కాదు.

ఒకరోజు వానపాముల మీద పాఠం వచ్చింది. నిలువునా కోసి, రంగుల బొమ్మలు గీసి, బాణం గుర్తులు పెట్టి మరీ చూపించారు. పక్కింటి టీచరమ్మ గారు ఆ పూట సెలవులో ఉండి, మామ్మ అడిగినవాటికల్లా తెలుగులో జవాబు చెప్పింది. సాయంత్రం కూరలమ్మి గంప దించీ దించగానే మామ్మ అందుకుంది.

"వానపాముల్లో ఆడా మగా వేరేవేరేగా ఉండవుట, తెలుసుటే? రెండూ ఒకదాన్లోనేనట."

కూరలమ్మి వంకాయలు తూచడం ఆపి, కాసేపు ఆలోచించి, "అయితే మొగుడూ పెళ్ళాల గొడవుండదన్నమాట, అదృష్టవంతులండీ" అంది.

బీయస్సీలో జువాలజీ చదువుతున్న మా బాబాయి, అంటే యూజీసీ వారు ఎవరికోసం ఇంత శ్రమా పడ్డారో ఆ శాల్తీ, అప్పటికింకా ఇంటికి రాలేదు.

అప్పట్నించీ నాకో అనుమానం. టీవీలో పాఠం ఎవరికోసం చెప్తారో వాళ్ళకి తప్ప మిగతా అందరికీ వస్తుందని. దేశ చరిత్రలో కూడా దీనికి సాక్ష్యాలు దొరికాయి.

కంట్రీవైడ్ క్లాస్‌రూమ్ కంటే ముందే, 1975 ఆగస్టు 1 నుంచి ఏడాదిపాటు సైట్ అనే ప్రయోగం జరిగింది. నాసా దగ్గర ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఎరువు తెచ్చుకుని, ఇస్రో ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకి టీవీ చూపించింది. మన వైపు కర్నూలు, మహబూబ్‌నగర్ లాంటి జిల్లాల పల్లెలు అందులో ఉన్నాయి. కరెంటు దీపమే కొత్తగా ఉన్న చోట బడి పక్కన పదడుగుల గొడుగు లేచింది. కోళ్ళగూళ్ళకి కొట్టే తీగవలతో చేసిన గొడుగు అది. అందులోంచి అమెరికా ఉపగ్రహం మాట్లాడింది. పొద్దున గంటన్నర బడిపిల్లలకి, సాయంత్రం రెండున్నర గంటలు పెద్దవాళ్ళకి. ఒకే బొమ్మకి రెండు భాషల్లో మాట పంపే వీలు కూడా ఉండేది, ఒకటి తెలుగు, ఒకటి కన్నడం. తెరమీద రైతు ఒక్కడే, నోరూ ఒక్కటే. తుంగభద్రకి ఇవతలి ఒడ్డున అది తెలుగు మాట్లాడేది, అవతలి ఒడ్డున కన్నడం. పెదాలు ఎవరి పక్షమో ఇరుపక్షాలూ పట్టించుకోలేదు.

ఆ ప్రయోగంలో పల్లెల లెక్కలోకి రాని ఒక ప్రేక్షకుడున్నాడు. ఉపగ్రహాల ద్వారా ప్రపంచమంతా కబుర్లు పంపొచ్చని 1945లోనే రాసిన ఆర్థర్ సి. క్లార్క్. ఆయన అప్పటికి కొలంబోలో కాపురముంటున్నాడు. ఇస్రో వాళ్ళు సముద్రం దాటి వెళ్ళి ఆయన ఇంటి మీద డిష్ బిగించి వచ్చారు. గౌరవంగానే చేశారు, ఆయనకి అది దక్కాల్సిందే. కానీ నా లెక్క ప్రకారం చూడండి. మహబూబ్‌నగర్ మెట్టరైతు కోసం తయారుచేసిన పాఠం 'ఒడిస్సీ' నవలలు రాసే పెద్దమనిషి ఇంట్లో దిగింది. మామ్మకి వానపాములు దిగినట్టే.

సైట్‌ను నడిపించిన అహ్మదాబాద్ అంతరిక్ష అనువర్తనాల కేంద్రానికి అప్పటి డైరెక్టరు యశ్‌పాల్. తర్వాత రోజుల్లో ఆయనే 'టర్నింగ్ పాయింట్' కార్యక్రమంలో తెల్లజుట్టూ నవ్వుమొహంతో కూర్చుని జనం పంపిన ప్రశ్నలకి జవాబులు చెప్పేవారు. నా సిద్ధాంతానికి లొంగని టీవీ పంతులు ఆయనొక్కరే. కారణం తేలికే. మిగతావాళ్ళు ఎవరూ అడగని పాఠం చెప్పేవారు, ఆయన అడిగినదానికి చెప్పేవారు.

ఇక సార్వత్రిక విశ్వవిద్యాలయం. 1982లో హైదరాబాద్‌లో పెట్టినది దేశంలోనే మొదటిది. ఇప్పుడు అంబేద్కర్ గారి పేరు మీద ఉంది. ఆ రోజుల్లో ఇంటర్ చదవకపోయినా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరిపోయే వీలుండేది. ఉద్యోగాలు చేసుకునేవాళ్ళకీ, చదువు మధ్యలో ఆగినవాళ్ళకీ అదెంత ఊరటో అనుభవించినవాళ్ళకి తెలుసు. మా మావయ్య అలాగే బీయేలో చేరాడు. పుస్తకాల కట్ట పోస్టులో వచ్చింది. దానికి పసుపు కుంకుమ పెట్టి బీరువాలో దాచాడు. పాఠాలు రేడియోలో, దూరదర్శన్‌లో కూడా వచ్చేవి. ఆ టైముకి మావయ్య రోజూ టీవీ ముందు కుర్చీ వేసుకుని, కాళ్ళు స్టూలు మీద పెట్టుకుని, "ఎవరూ మాట్లాడకండి" అని హెచ్చరించి, రెండో నిమిషంలో గురక పెట్టేవాడు. గురకకి అడ్డు రాకుండా ఇల్లంతా నిశ్శబ్దంగా ఉండేది. ఆ నిశ్శబ్దంలో చిక్కుడుకాయలు ఈనె తీస్తూ అత్తయ్య మొత్తం పాఠం వినేది.

ఆదివారం కాంటాక్టు క్లాసుల సంగతి వేరే. 'మహాభారత్' వచ్చే రోజుల్లో పొద్దున తొమ్మిది నుంచి పది దాకా స్టడీ సెంటర్లో కాకి కూడా వాలేది కాదు. పది దాటాక విద్యార్థులూ లెక్చరరు గారూ ఒకే గేటులోంచి, ఒకే గుంపుగా, శకుని గురించి మాట్లాడుకుంటూ వచ్చేవారు. దూరవిద్యకి టీవీ సాయం చేస్తుందన్న ప్రభుత్వం మాట నిజమే. ఎటొచ్చీ వారానికో గంట తన ఫీజు తను తీసుకునేది.

పరీక్షల ముందు రాత్రుళ్ళు అత్తయ్యే మావయ్యకి పాఠం చెప్పింది. "సిపాయిల తిరుగుబాటుకి కారణాలు చెప్పండి." "తూటాలకి కొవ్వు." "అదొక్కటేనా? డల్హౌసీ ఏం చేశాడు?" "నన్నడిగితే? ఆఫీసులో అందరు ఆఫీసర్లూ చేసేదే చేసుంటాడు." మావయ్య గట్టెక్కాడు. మరుసటేడు అత్తయ్య దరఖాస్తు పెట్టుకుని, ఎవరి గురకా అవసరం లేకుండా మంచి మార్కులతో పాసయింది.

తర్వాత కాలంలో టీవీ చదువు ఎక్కడికో వెళ్ళిపోయింది. 2000లో జ్ఞానదర్శన్, 2004లో శ్రీహరికోట నుంచి ప్రత్యేకంగా చదువుకోసమే ఎడ్యుశాట్ ఉపగ్రహం, 2017లో స్వయంప్రభ పేరుతో ఒకేసారి 32 ఛానెళ్ళు. ఈ స్వయంప్రభలో నాకు నచ్చిన ఏర్పాటొకటుంది. రోజూ నాలుగ్గంటల కొత్త పాఠం, దాన్నే అదే రోజు మళ్ళీ అయిదుసార్లు వేస్తారు. ఎవరికి వీలైన టైములో వాళ్ళు చూసుకోవడానికట. ఈ ఏర్పాటు చేసినవాళ్ళు ఎన్నడూ విద్యార్థులుగా ఉండి ఉండరు. ఒకే రోజు అయిదుసార్లు వాయిదా వేసుకునే సౌకర్యం మా కాలంలో ఎక్కడుంది?

2020 సెప్టెంబరు 1న కరోనా పుణ్యమా అని తెలంగాణ బడులన్నీ టీవీలోకి వచ్చేశాయి. దూరదర్శన్ యాదగిరిలో, టీ-శాట్‌లో తరగతుల వారీగా టైంటేబుల్. మా చెల్లెలి కొడుకు ఎనిమిదో తరగతి. టీవీ ముందు కూర్చునేవాడు, కాదనను. చూపు తెరమీద, చెయ్యి దిండు కింద, దిండు కింద ఫోను. వాడి వెనక పడక్కుర్చీలో మా నాన్న, బ్యాంకులో క్యాషియరుగా రిటైరైన మనిషి, నోటు పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవారు.

తెరమీద టీచరమ్మ బోర్డు మీద లెక్క వేసి, కెమెరా వైపు తిరిగి, "అర్థమైందా పిల్లలూ?" అని ఆగేది. జవాబు చెప్పడానికి వీలుగా రెండు క్షణాలు. మా నాన్న ఆ రెండు క్షణాలనీ వృథా పోనిచ్చేవారు కాదు. "అయిందమ్మా. కానీ మూడో మెట్టు ఎగరగొట్టావు" అనేవారు. "శభాష్" అనేది టీచరమ్మ. నాన్న వినయంగా తలాడించేవారు. మనవడు లేచి నీళ్ళ సీసా కోసమని వెళ్ళి, వచ్చే పాఠం దాకా కనిపించేవాడు కాదు.

బడి నుంచి వర్క్‌షీట్లు వాట్సాప్‌లో వచ్చేవి. రాసి ఫొటో తీసి పంపాలి. అవి రోజూ ఠంచనుగా వెళ్ళేవి. ఓ నెల గడిచాక క్లాసు టీచరు మా చెల్లికి ఫోను చేసింది. చెల్లి స్పీకరులో పెట్టింది.

"మేడం, వర్క్‌షీట్లు చాలా నీట్‌గా ఉంటున్నాయండీ. ప్రతి లెక్కకీ సరిచూసుకున్న గుర్తు, ప్రతి పేజీకీ మొత్తం, అడుగున తేదీ వేసి పొడుగాటి సంతకం."

ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు. నాన్న పేపరు మడత విప్పి మొహానికి అడ్డంగా పెట్టుకున్నారు.

"తాతగారికి పదికి పది వేశానని చెప్పండి మేడం. బాబు రాసింది కూడా ఉంటే రేపు సాయంత్రంలోగా పంపించండి."