నునుపు గాడి: ఒక తేటగీతికి టీకా తాత్పర్యం

పండ్లు వెడలెడి చోటునఁ బలకయందు
పెచ్చు లేచును, గావున వెనుక నొక్క
తోడు పలకను నిలిపి, తాఁ దొలుత గీసి,
నోరు మూయించి తోసిన నునుపు గాడి.

అవతారిక: బీరువా పక్క చెక్కకు అడ్డంగా, అర చివర ఇమిడేటట్టు తొలిచే పల్లాన్ని గాడి అంటారు. బల్ల నడుమ నుంచి గుండ్రని బ్లేడు పైకి పొడుచుకువచ్చి ఉండగా చెక్కనే దాని మీదికి తోసి కోసే యంత్రం రంపపు బల్ల. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌లో 6 మిల్లీమీటర్ల లోతు గాడిని దీని మీద నిమిషంలో తీయవచ్చు గాని, తీసి చెక్కను తిరగవేసి చూస్తే గాడి అంచుల వెంట పైపొర ఎలుక కొరికినట్టు లేచిపోయి ఉంటుంది. ఆ దుఃఖాన్ని నివారించడానికే కవి ఈ పద్యానికి పూనుకున్నాడు.

ప్రతిపదార్థం: పండ్లు = బ్లేడు అంచున అతికిన కార్బైడ్ పళ్లు; వెడలెడి చోటున = చెక్కను విడిచి బయటికి వచ్చే తావున; పలకయందు = కోయబడే చెక్కలో; పెచ్చు = నార తెగక విరిగి లేచే పేడు; లేచును = ఊడును; కావున = ఆ హేతువు చేత; వెనుకన్ = వెనుక అంచున; ఒక్క తోడు పలకను = కోతకు బలి కాదగిన ఒక పనికిరాని చెక్కను; నిలిపి = ఆనించి; తాన్ = కోయువాడు; తొలుత గీసి = ముందుగా పైపైన గీత పెట్టి; నోరు మూయించి = (దీని వివరణ ముందున్నది); తోసినన్ = నెట్టగా; నునుపు గాడి = అంచు చెదరని గాడి (ఏర్పడును అని అధ్యాహారం).

వ్యాఖ్య: ‘వెడలెడి చోటున’ అన్న మాటలోనే శాస్త్రమంతా ఉన్నది. పన్ను చెక్కలోకి దిగేటప్పుడు నారకు వెనుక ఇంకా చెక్క ఉంటుంది కనుక అది ఆనుకొని నిలిచి తెగుతుంది. బయటికి వచ్చేటప్పుడు చివరి నారకు వెనుక గాలి తప్ప ఏమీ లేదు కనుక తెగడానికి బదులు వంగి, విరిగి, పక్క నారను కూడా లాక్కుపోతుంది. రంపపు బల్ల మీద బ్లేడు కోసేవాని వైపు తిరుగుతుంది. అందువల్ల పళ్లు చెక్క అడుగు ముఖం గుండానే బయటపడతాయి. గాడి తెరుచుకునేదీ ఆ ముఖం మీదనే కాబట్టి దెబ్బ తగిలేది సరిగ్గా కనబడే చోటనే. నార పొడవున తీసే గాడికి ఈ బాధ తక్కువ. అడ్డంగా తీసేదానికి ఎక్కువ. పైపొర కాగితమంత పలుచగా ఉండే ప్లైవుడ్‌కు చెప్పనే అక్కరలేదు.

‘వెనుక’ అన్నచోట తొందరపడే పాఠకుడు బ్లేడుకు ఆవలి వైపును ఊహించుకొని పొరబడతాడు. చెక్క ముందుకు సాగుతుంది గనుక దాని వెనుక అంచు కోసేవాని వైపున్నదే. కోత ముగిసే క్షణంలో పళ్లు ఆ అంచు నారను అతని వైపే నెట్టి ఊడగొడతాయి. చెక్కను బ్లేడుకు లంబంగా పట్టి నడిపే మైటర్ గేజ్‌కు తోడు పలకను బిగిస్తే ఆ దెబ్బ పలకకు తగులుతుంది, పనిచెక్క బతుకుతుంది.

‘తొలుత గీసి’ అన్నదానికి రెండు అర్థాలు చెప్పవచ్చు. గాడి రెండు అంచుల మీద పదునైన కత్తితో గీత లాగి పైనారను ముందే తెంచడం ఒకటి. బ్లేడును ఒకటిన్నర మిల్లీమీటరు మాత్రమే లేపి ఒకసారి పోనిచ్చి, చెక్క పక్కకు ఆనే ఫెన్స్‌ను కదల్చకుండా పూర్తి లోతుకు మళ్లీ పోనివ్వడం రెండవది. బ్లేడు తక్కువగా లేచి ఉన్నప్పుడు పన్ను నారను దాదాపు అడ్డంగా గీరుతూ వెళుతుందే గాని కిందికి తన్నదు. తరువాతి లోతు కోతకు తెగవలసిన పైనార మిగలదు. రెండర్థాలూ గ్రాహ్యమే అయినా పది గాడులు తీయవలసినవానికి రెండవదే సుఖం. ప్లైవుడ్ కోసే పెద్ద యంత్రాలలో అసలు బ్లేడుకు ముందు, దానికి ఎదురు దిశలో తిరిగే చిన్న గీత బ్లేడును అమర్చడం ఈ సూత్రాన్ని అనుసరించే.

ఇక ‘నోరు’. పక్కన నిలిచి సలహాలు చెప్పే ఇంటి యజమాని నోరని పూర్వపక్షం. అది కోరదగినదే గాని సాధ్యం కానిది కనుక కవి ఉద్దేశం కాజాలదు. బ్లేడు పైకి వచ్చే బల్ల బెజ్జమే ఇక్కడి నోరని సిద్ధాంతం. యంత్రంతో వచ్చే మూతలో సందు బ్లేడు కన్నా వెడల్పుగా ఉండి, కోత అంచులకు అడుగున ఆధారం ఉండదు. సందు లేని కొత్త మూతను బిగించి, తిరుగుతున్న బ్లేడునే మెల్లగా లేపి దానిని కోయనిస్తే బ్లేడు మందమంత సందే ఏర్పడి, చెక్క నారకు చివరిదాకా ఆధారం దొరుకుతుంది. గాడి వెడల్పు కోసం రెండు మూడు బ్లేడులు జతచేస్తే ఆ వెడల్పుకు వేరే మూత కావాలి.

తాత్పర్యం: నార విరిగేది ఆధారం లేనిచోటనే గనుక వెనుక పలకతోను, అడుగున మూతతోను ఆధారమిచ్చి, ముందే గీత పెట్టి తోస్తే గాడి శుభ్రంగా వస్తుంది.

విశేషాలు: బ్లేడు పళ్ల సంఖ్యను చెప్పకపోవడం కవి లోపమే. 10 అంగుళాల బ్లేడులో నిలువు కోతకు 24 పళ్లు చాలు గాని అడ్డకోతకు 60 నుంచి 80 దాకా ఉండాలి. పళ్లకు బంక పట్టి మొద్దుబారితే పై ఉపాయాలన్నీ కలిసినా ఫలం సగమే. మాస్కింగ్ టేపు అంటించడం కొంత మేలు చేస్తుంది. దానిని విసురుగా పీకితే అదే పొరను లేపుతుంది. ‘మెల్లగా’ అని చెప్పకుండా ‘తోసిన’ అని ఊరుకోవడం మాత్రం దోషం కాదు. మరీ మెల్లగా తోస్తే గాడి గోడలు కాలి నల్లబడతాయి.

అంతకన్నా పెద్ద లోపం, వేళ్ల ప్రసక్తి పద్యంలో లేకపోవడం. గాడి కోతకు చాలా యంత్రాలలో బ్లేడు పై కాపును తీసివేయవలసి వస్తుంది. బ్లేడు చెక్క చాటున దాగి కనబడదు. కావున అరచేతిని కోత దారి మీద మోపక, పిడి ఉన్న తోపుడు చెక్కతోనే నెట్టాలని పాఠకులు ఈ పద్యానికి చేర్చి చదువుకొందురు గాక.