ఊదా రంగు రాని చోటు

నేను పెట్రీ పళ్లేన్ని. బెర్లిన్‌లో సూక్ష్మజీవి శాస్త్రవేత్త రాబర్ట్ కాక్ దగ్గర పనిచేసిన జూలియస్ పెట్రీ 1887లో మా వంశాన్ని లోకానికి పరిచయం చేశాడు. గాజుదాన్ని కాబట్టి 121 డిగ్రీల ఆవిరిలో శుద్ధిచేసి, బాక్టీరియాను పెంచే అగార్ జెల్లీ పోసిన ప్రతిసారీ నాకు కొత్త జన్మే.

చాలాకాలం నా మీద చావులే చూశాను. మందు అద్దిన కాగితపు బిళ్ల చుట్టూ బాక్టీరియా చచ్చి తేట వలయం ఏర్పడేది. రానురాను కొన్ని రకాల విషయంలో ఆ వలయం కుంచించుకుపోయింది. మందుకు లొంగనివే మిగిలి, వాటి సంతతే నా నిండా పరుచుకునేది. అది చూస్తే దిగులేసేది.

తర్వాత నా మీద క్రోమోబాక్టీరియం వయొలేసియం అనే బాక్టీరియాను చల్లారు. తెల్లారేసరికి నేనంతా ఊదా! ఈ జీవి ఒంటరిగా ఉన్నప్పుడు రంగు చేయదు. ప్రతి కణమూ ఓ చిన్న రసాయనాన్ని బయటికి వదులుతుంది. గుంపు పెరిగి అది చిక్కబడ్డాక, తగినంత మంది చేరారని గ్రహించి అన్నీ కలిసి రంగు మొదలుపెడతాయి. పుండ్లను, ఊపిరితిత్తులను పీడించే సూడోమోనాస్ అనే బాక్టీరియా కూడా విషాలు చాలావరకు ఇలా బలగం చూసుకునే వదులుతుంది.

ఈసారి బిళ్లకు అద్దింది వెల్లుల్లి సారం, బాక్టీరియాను చంపనంత పలచగా. వలయం వచ్చింది గానీ తేటగా లేదు. పాలు కలిపిన నీళ్లలా తెల్లగా, మసగ్గా ఉంది. అంటే అక్కడ బాక్టీరియా బతికే ఉంది, దట్టంగా పెరిగింది కూడా. తోటివాటి కబురే అందలేదు. నా మీద ఇంత అందమైన మచ్చ మరొకటి పడలేదు.

ఈ విద్య నాచుకు ముందే తెలుసు. ఆస్ట్రేలియా తీరంలో పెరిగే డెలీసియా పల్క్రా అనే ఎర్ర నాచు మీద బాక్టీరియా అంతగా పేరుకోదు. న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయంలో షెల్లెబెర్గ్, స్టైన్‌బర్గ్ బృందం 1990లలో కారణం వెతికింది: నాచులోని ఫ్యూరనోన్లు అనే రసాయనాలు కబురు అందుకునే ప్రోటీన్‌నే పనిచేయనివ్వవు. నాలో పోసే అగార్ కూడా ఎర్ర నాచుల నుంచే వస్తుంది, కాబట్టి డెలీసియా నాకు చుట్టమే.

చంపని మందుకు మొండి రకాలు పుట్టవని కొందరు ఆశపడ్డారు. కానీ ఫ్యూరనోన్‌ను బయటికి తోసేసే సూడోమోనాస్ రకాలు కనబడ్డాయి. పైగా ఫ్యూరనోన్లు మనుషుల కణాలకూ హానికరం. అయినా నా నమ్మకం ఈ దారి మీదే. ఫ్యూరనోన్ ఇచ్చిన ఎలుకల ఊపిరితిత్తుల నుంచి సూడోమోనాస్ త్వరగా తొలగిపోయింది. ప్రయోగశాలలో ఫ్యూరనోన్ తోడైతే సూడోమోనాస్ కట్టే పొరలు టోబ్రామైసిన్ అనే యాంటీబయాటిక్‌కు మరింత సులువుగా లొంగాయి. అలాంటి జోడీలను ఇంకా ఎన్నో నా మీద పరీక్షించాలి.