పనసకర్ర, పనసపొట్టు

ఆదివారం సాయంత్రం నాలుగు నుంచి ఐదు దాకా మా వదినకి ఎవరూ ఫోన్ చెయ్యకూడదు. ఈ నియమం పెట్టింది వదినే. నాలుగూ పదికల్లా నాకు ఫోన్ చేసి, "ఏమ్మా, ఇవాళ అలికిడే లేదు, ఒంట్లో బాగానే ఉందా?" అని అడిగేదీ వదినే.

ఆ గంట ఆవిడ సొంతం. ఆ గంటలో ఆవిడ ఒకరికి భార్య కాదు, ఇద్దరికి అమ్మ కాదు, మా అమ్మకి కోడలు కాదు, అన్నిటికన్నా ముఖ్యంగా నాకు వదిన కాదు. వీణ వాయించుకునే ఒక మనిషి. రెండేళ్ల కిందట యాభయ్యో పుట్టినరోజునాడు పాయసం వడ్డిస్తూ ఈ మాట ప్రకటించింది. మేమంతా చప్పట్లు కొట్టాం. వెంటనే మా అన్నయ్య గిన్నె ముందుకు తోసి ఇంకొంచెం పాయసం వెయ్యమన్నాడు. ఆవిడ వేసింది. ఆ తర్వాత జరగబోయేదంతా ఆ గరిటెలోనే ఉంది, మేమే గమనించలేదు.

వదినది విజయనగరం. పెళ్లికి ముందు అక్కడి సంగీత కళాశాలలో రెండేళ్లు వీణ నేర్చుకుంది. 1919లో పెట్టిన కాలేజీ. ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి ప్రిన్సిపాలు, ఆయన తర్వాత ద్వారం వెంకటస్వామి నాయుడుగారు. ఈ సంగతులు నేను పుస్తకాల్లో చదవలేదు. గ్యాస్ బండ తెచ్చిన కుర్రాడికి వదిన చెబుతుంటే విన్నాను. పాపం ఆ కుర్రాడు చిల్లర కోసం నిలబడ్డాడు. "మాది దాసుగారి కాలేజీ నాయనా" అని మొదలుపెట్టి ఆవిడ ద్వారం వారి దగ్గరికి వచ్చేసరికి, చిల్లర వద్దని చెప్పి మెట్లు దిగిపోయాడు.

పాత వీణ ఎప్పుడో పుట్టింట్లో చేతులు మారిపోయింది. కొత్తది కొనడానికి బొబ్బిలి పక్కన గొల్లపల్లి వెళ్లాం. అక్కడ ఒకే పనస దుంగని తొలిచి వీణ చేస్తారు. కుండా దండీ అతుకు లేకుండా ఒక్క చెక్కలోనే వస్తాయి. ఏకాండి వీణ అంటారు. వదిన ఒక్కో వీణనీ మీటి, చెవి ఆనించి, కళ్లు మూసుకుని వింటోంది. అన్నయ్య అదే షాపులో సన్మానాలకిచ్చే బుల్లి వీణల బీరువా ముందు నిలబడి, "ఇదైతే షోకేసులో కూడా పడుతుంది కదే, వాయించేది ఎలాగూ గంటే" అన్నాడు. బొబ్బిలి నుంచి విజయనగరం దాకా వదిన మాట్లాడలేదు. బొబ్బిలికీ విజయనగరానికీ యుద్ధం 1757లో అయిపోయిందని చరిత్ర పుస్తకాల్లో రాశారు. వీణ కుండ ఒళ్లో పెట్టుకుని కారు వెనకసీట్లో కూర్చున్న నేను మాత్రం ఒప్పుకోను.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. మా బంధువర్గంలో పనస అనగానే గుర్తొచ్చేది వీణ కాదు, వదిన చేసే ఆవ పెట్టిన పనసపొట్టు కూర. లేత పనసకాయల రోజుల్లో ఆదివారం పొద్దున్నే రైతుబజారుకి వెళ్లి, కాయ ఎంచి, ఎదురుగా నిలబడి పొట్టు కొట్టించుకుని వస్తుంది. ఇంకొంచెం సన్నగా, ఇంకొంచెం సన్నగా అని ఆ కొట్టేవాణ్ని సాధిస్తుంది. జిగురు అంటకుండా చేతికి నువ్వుల నూనె. సాయంత్రం తీగ మీద వేలు జారడానికి కొబ్బరి నూనె. ఆదివారం పొద్దున్నుంచీ రాత్రి దాకా వదిన చెయ్యి పట్టుకుంటే జారిపోతుంది.

నాలుగింటి గంట నిజానికి ఒంటిగంటకే మొదలవుతుంది. మధ్యలో ఎవరూ లేపకూడదు కాబట్టి ముందే అన్నీ అమర్చిపెట్టాలి. మా అమ్మకి మూడున్నర టీ ఫ్లాస్కులో. అన్నయ్యకి పకోడీలు మూత పెట్టి, పక్కనే చట్నీ. ఇంజనీరింగ్ మూడో ఏడు చదువుతున్న మా మేనకోడలికి పకోడీలు పడవు కాబట్టి వేరే మరమరాలు. రాత్రికి పప్పు కుక్కర్లో. పనిమనిషి వస్తే తియ్యడానికి గిన్నెలు ఒక వరసలో. బెంగళూరులో ఉన్న పెద్దవాడికి ముందుగానే ఫోన్, ఎందుకంటే వాడు ఎప్పుడూ సరిగ్గా ఐదింటికే చేస్తాడు, ఎక్కడ ముందుగా చేసేస్తాడోనని. ఒక గంట తీరిక కోసం మూడు గంటల చాకిరీ. ఈ లెక్క నేను ఒకసారి చెప్పబోతే, "లెక్కలు చూసుకుంటే సంగీతం రాదమ్మా" అంది. ఆ మాటకి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

నాలుగింటికి చాప వేసి కూర్చుంటుంది. మోకాళ్లు ఒప్పుకోవడానికి ఐదు నిమిషాలు. విశాఖ గాలికి తీగలు తుప్పు పడతాయి, ఉక్కపోతకి ఏదో ఒకటి జారుతుంది, కాబట్టి బిరడాలు తిప్పి శ్రుతి చెయ్యడానికి ఇంకో పావుగంట. మెట్లు ఇరవైనాలుగు, మైనం మీద నిలబెట్టి ఉంటాయి. వాటిలో ఏదో ఒక మెట్టు అపస్వరం పలుకుతోందని ఆవిడకి ప్రతివారం అనుమానం. "మేళం మళ్లీ కట్టించాలి" అని నిట్టూరుస్తుంది, ఇంటికి సున్నం వేయించాలి అన్నట్టు. ఆ తర్వాత మాయామాళవగౌళలో సరళీ స్వరాలు. ఒకటో కాలం, రెండో కాలం. మూడో కాలం ఎత్తుకునేసరికి కుక్కర్ మొదటి విజిల్ వేస్తుంది.

ఇక్కడే ఆవిడ విద్వత్తు బయటపడుతుంది. కుడిచేతి రెండు వేళ్లు పెద్ద తీగల మీద, చిటికెన వేలు పక్కనున్న తాళం తీగల మీద పనిచెయ్యాలి కదా. వదిన చిటికెన వేలు తాళంతో పాటు విజిళ్లు కూడా లెక్కపెడుతుంది. మూడో విజిల్‌కి స్వరం తప్పకుండా కనుబొమ్మ పైకెత్తి మా మేనకోడలి వైపు చూస్తుంది. ఆ పిల్ల వెళ్లి స్టవ్ కట్టేసి వస్తుంది. మా ఇంట్లో అందరికీ ఆ వీణ భాష వచ్చేసింది. నిదానంగా సాగితే అంతా బాగున్నట్టు. ఉన్నట్టుండి కాలం పెరిగితే ఎవరో ఫ్రిజ్ తలుపు తెరిచి వదిలేశారని. పంచమం మీద ఆగిపోతే అన్నయ్య పకోడీలకి చట్నీ కనబడక వెతుకుతున్నాడని. "మీ కుడిచేతి పక్కనే" అని లోపలినుంచి వినబడుతుంది. ఆవిడ ఉన్న గదిలోంచి వంటిల్లు కనబడదు.

మా అమ్మ పాత్ర వేరు. వీణ ఇంట్లోకి వచ్చిన రోజునే దండి చివరి యాళి మొహానికి కుంకుమ పెట్టి, నందివర్ధనం పువ్వు అలంకరించింది. సరస్వతీదేవి చేతిలోది కదా. అక్కడితో వాయించుకునే వస్తువు కాస్తా దేవుడైపోయింది. చెప్పులతో ఆ గదిలోకి వెళ్లకూడదు. బట్టలు ఆరేసిన దండెం ఆ గదిలో ఉండకూడదు. నెలలో ఆ నాలుగు రోజులూ ముట్టుకోకూడదని కూడా అనబోయింది కానీ, కోడలి వయసు గుర్తొచ్చి ఆగింది. దసరాల్లో మూలా నక్షత్రం నాడు పుస్తకాలతో పాటు పీట ఎక్కితే, విజయదశమి దాకా దించేది లేదు. ఏడాదిలో వదినకి అసలైన సెలవలు దొరికేది ఆ రోజుల్లోనే. ఆ రోజుల్లో వీణ పూజలో ఉంటుంది, వదిన ప్రసాదాలు వండుతూ ఉంటుంది.

మీ ఇంట్లోనూ ఇలాంటి ఒకరుంటారు, నాకు తెలుసు. వీణ కాకపోతే క్రోషే, క్రోషే కాకపోతే మిద్దె మీద కుండీలు. వదిన అటక మీద వీణకి ముందు తరాలవి ఉన్నాయి: ఒక చెయ్యి మాత్రమే అల్లిన స్వెట్టరు, విశాఖలో స్వెట్టరెందుకో అడక్కండి, బంగారు రేకు అంటించాక కళ్లు దిద్దడం మిగిలిపోయిన తంజావూరు కృష్ణుడు. పాపం పదకొండేళ్లుగా వెన్న పట్టుకుని ఎవరు పిలుస్తారా అని చూస్తున్నాడు, చూడ్డానికి కళ్లు లేకపోయినా.

కిందటి చలికాలంలో అన్నయ్యకి మనసు కరిగింది. దానికి కారణం నేనే. జాతీయ గణాంక కార్యాలయం వాళ్లు 2024లో చేసిన సర్వే ఒకటి చదివి వినిపించాను. ఇంటిపని చేసే ఆడవాళ్లు దానిమీద రోజుకి సగటున 289 నిమిషాలు, మగవాళ్లు 88 నిమిషాలు పెడుతున్నారట. అన్నయ్య కళ్లజోడు తీసి, "88 నిమిషాలా? ఎవడో ఒకడు ఎక్కడో చాలా కష్టపడుతున్నాడు, పాపం నా వాటా కూడా వాడే చేస్తున్నాడు" అన్నాడు. కానీ ఆ అంకె గుచ్చుకున్నట్టుంది. వచ్చే ఆదివారం పనసపొట్టు కూర నేనే చేస్తాను, నువ్వు తలుపేసుకుని వాయించుకో అన్నాడు.

ఆ ఆదివారం నేను సాక్షిని. నాలుగూ పన్నెండుకి మొదటి ప్రశ్న: "ఏమే, ఆవాలెక్కడ?" తలుపు వెనకనుంచి, సరళి ఆగకుండా: "బోర్న్‌విటా డబ్బాలో." బోర్న్‌విటా డబ్బాలో మినప్పప్పు ఉంది. "పాత బోర్న్‌విటా డబ్బా అండీ, మూతకి చొట్ట ఉంటుంది." ఎండుమిరపకాయలు బిస్కెట్ డబ్బాలో. ఇంగువ, ఉప్పుడబ్బా వెనక ఉన్న డబ్బా లోపల ఇంకో డబ్బాలో. ఆ వంటింట్లో ఏ డబ్బా మీదా పేరు లేదు. పేరున్న డబ్బాలో ఆ పేరుగలది లేదు. పద్నాలుగు ప్రశ్నలు లెక్కపెట్టాను. పద్నాలుగింటికీ జవాబులు వచ్చాయి, ఒక్క స్వరం తప్పలేదు. నిజం చెప్పొద్దూ, ఆ వేళ వదిన వాయించినంత హాయిగా అంతకుముందెప్పుడూ వాయించలేదు. పదిహేనోది ప్రశ్న కాదు, వాసన. ఆవ పెట్టే ముందు కూర దించాలని అన్నయ్యకి తెలియదు. పొయ్యి మీదే కలిపేశాడు, చేదెక్కిపోయింది. వదిన లేచి వచ్చింది. కోపం లేదు. గెలిచిన మొహం. కొంగు బిగించి, "నాకు తెలుసండీ" అంది.

ఆ రోజే నాకో అభిప్రాయం స్థిరపడింది. ఆవాలెక్కడున్నాయో ఇంకొకరికి తెలియడం వదినకి ఇష్టం లేదు. ఎన్ని గంటలు ఖాళీ ఇచ్చినా, ఆ తలుపు సందులోంచి ఆవిడ పరిపాలన సాగాల్సిందే. మాకు ఎంతసేపూ "నాకంటూ ఒక గంట లేదు" అని చెప్పేదీ ఆవిడే, ఇచ్చిన గంటని చిల్లర చేసి అందరికీ పంచిపెట్టేదీ ఆవిడే. ఈ సంగతి కుండబద్దలు కొట్టినట్టు రాసి పెట్టాలని అప్పుడే అనుకున్నాను.

రాయడానికి నేనూ ఒక ఆదివారమే పెట్టుకున్నాను. మా ఇంట్లోనూ నియమం ఉంది: అమ్మ రాసుకుంటుంటే పిలవకూడదు. ఈ పేరా దాకా రావడానికి ఆరుసార్లు లేచాను. నాలుగుసార్లు పిలిచారు. రెండుసార్లు ఎవరూ పిలవలేదు. ఎందుకు పిలవడం లేదో చూసొద్దామని లేచాను. ఇందాక మా అబ్బాయి తలుపు దగ్గర నిలబడి, "అమ్మా, నా నీలం చొక్కా..." అన్నాడు. "ఇస్త్రీ కట్టలో కిందినుంచి మూడోది" అన్నాను, కాగితం మీంచి తలెత్తకుండా. అది అక్కడే ఉంది. ఈ వ్యాసంలో ఏ వాక్యమూ నాకు అంత తృప్తినివ్వలేదు.

ఇంకొకటి కూడా చెప్పేస్తాను. ఆదివారం నాలుగింటికి వదిన కచ్చితంగా ఇంట్లోనే ఉంటుందని తెలుసు కాబట్టి, నేను వాళ్లింటికి వెళ్లేది కూడా అప్పుడే. వెళ్తే కాఫీ ఇస్తుంది. తాగి, "నువ్వు కానీ వదినా, నేను వింటూ కూచుంటా" అంటాను. ఆ తర్వాత ఇద్దరం ఆరింటిదాకా మాట్లాడుకుంటాం. వీణ మధ్యలో పడుకుని వింటుంది.

మొన్న ఆదివారం మాత్రం ఆలస్యమైంది. పెరట్లో కోసిన మునక్కాయలు తీసుకుని వెళ్లేసరికి నాలుగూ నలభై. మా అమ్మా అన్నయ్యా పిల్లా అనకాపల్లిలో ఒక గృహప్రవేశానికి వెళ్లారు. తలుపు వేసి ఉంది. లోపల మోహన రాగం వర్ణం, 'నిన్నుకోరి', ఎక్కడా ఆగకుండా నడుస్తోంది. సరళీ స్వరాల దగ్గరే ఉందనుకున్న మనిషి ఎప్పుడు ఇంతదాకా వచ్చిందో నాకు తెలియదు. చరణం దగ్గర తీగని లాగి గమకం పట్టుకున్న చోట, బెల్లు మీద పెట్టిన వేలు వెనక్కి తీసుకున్నాను. మెట్ల మీద కూర్చున్నాను. ఎదురింటావిడ తొంగిచూస్తే నోటిమీద వేలు పెట్టి సైగ చేశాను. నా జన్మలో వదినకి చేసిన మొదటి ఉపకారం అదేనేమో అనిపించి, నామీద నాకే గౌరవం కలిగింది.

వర్ణం అయ్యాక తలుపు తెరుచుకుంది. వదిన నన్నూ మునక్కాయల్నీ చూసింది.

"బయట కూర్చున్నావేం? బెల్లు కొట్టొచ్చుగా! నాలుగింటి నుంచీ డికాక్షన్ తీసిపెట్టుకుని నీకోసం చూస్తున్నా. ఎంతకీ రాకపోతే విసుగొచ్చి, పోనీ కాసేపు వాయిద్దామని కూర్చున్నా" అంది.