అడగని ఆలివ్ కాయలు

అడగందే అమ్మయినా పెట్టదంటారు. లిస్బన్‌లో పెడతారు. కుర్చీ ముందుకు లాక్కునేలోపు బల్ల మీద బ్రెడ్డు, వెన్న, గిన్నెడు ఆలివ్ కాయలు ప్రత్యక్షం. ఎంత మర్యాద తెలిసిన జాతి అనుకుంటూ ఓ కాయ నోట్లో వేసుకుంటాం. ఆ మర్యాదకు రేటుందని బిల్లు వచ్చాక తెలుస్తుంది. బ్రెడ్డుకో పద్దు, వెన్నకో పద్దు, ఆలివ్‌లకో పద్దు. దీన్ని వాళ్లు కువేర్ అంటారు.

అడగనిదానికి, ముట్టనిదానికి డబ్బు తీసుకోకూడదని అక్కడ చట్టమే ఉంది. కానీ ఆ ఊరి కొండలన్నీ ఎక్కి దిగి, కడుపు మాడిపోతున్నవాడి ముందు రొట్టె పెట్టి, చట్టం చదువుకోమంటే ఎలా? నాలుగు యూరోలు కూడా ఒక లెక్కేనా అంటారు. లెక్కే. రూపాయల్లోకి హెచ్చవేసి చూడండి.

అసలు కడుపుమంట మాత్రం డబ్బు గురించి కాదు. ఈ ఊరి పెద్దమనిషి మనకు బాకీ ఉన్నాడు.

1498 మేలో వాస్కో ద గామా కోళికోడ్ దగ్గర దిగాడు. బ్యాంకు స్టేట్‌మెంట్ చూపించమని, తిరుగు టికెట్ ఏదని ఆయన్ని ఎవరూ అడగలేదు. జామొరిన్ రాజుగారికి ఆయన తెచ్చిన కానుకల జాబితా ఆ ప్రయాణం దినచర్యలో ఉంది. చారల గుడ్డలు 12, ఎర్రటి ముసుగు టోపీలు 4, మామూలు టోపీలు 6, పగడాల దండలు 4, పంచదార పెట్టె ఒకటి, నూనె పీపాలు 2, తేనె పీపాలు 2, చేతులు కడుక్కునే బేసిన్లు 6. మలబారు ఎండలో రాజుగారికి పది టోపీలు! టోపీ పెట్టడానికే వచ్చాడని అప్పుడే పసిగట్టాల్సింది.

టోపీలను క్షమించగలను. నన్ను నిద్రపోనివ్వంది బేసిన్లు. ఆఫ్రికా కొస చుట్టి, పది నెలలపాటు, తుపాన్లలో, బేసిన్లు మోసుకొచ్చాడు. ఆరే ఎందుకు? డజను కొంటే మిగతా ఆరూ ఎవరికిచ్చాడు? రాజుగారికి ఉన్నవి రెండు చేతులే కదా? పెళ్లిలో చదివింపుల దగ్గర మైకు పట్టుకున్నాయన ‘పోర్చుగల్ నుంచి గామాగారు, బేసిన్లు ఆరు’ అని చదివితే పందిరి పందిరంతా వెనక్కి తిరిగి చూడదూ? రాజుగారి ఉద్యోగులు పగలబడి నవ్వారట. మక్కా నుంచి వచ్చే నిరుపేద వర్తకుడు కూడా ఇంతకంటే ఎక్కువే ఇస్తాడు, ఇస్తే బంగారం ఇవ్వు అన్నారట. ఆ సామాను రాజు గుమ్మం దాకా కూడా పోలేదు.

ఇంతా చేసి, వెళ్లేటప్పుడు సుంకం కట్టమంటే కట్టలేదు. పైగా మనవాళ్లను కొందరిని ఓడలో పడేసుకుని మరీ వెళ్లాడు. అంటే మన రేవులో బిల్లు ఎగ్గొట్టిన మనిషి ఊళ్లో కూర్చుని నేను ఆలివ్ కాయలకు బిల్లు కట్టానన్నమాట! ఆయన పేరు అక్కడ వంతెనకుంది, షాపింగ్ మాల్‌కుంది, చేపల అక్వేరియానికీ ఉంది. ఆయన సమాధి ఉన్న జెరోనిమోస్ మఠాన్ని ఏ డబ్బుతో కట్టారంటారా? ఆఫ్రికాతో, తూర్పు దేశాలతో సాగిన వర్తకం మీద వేసిన సుంకంతో.

కువేర్ విద్య వీళ్లకు కొత్తేమీ కాదు. వందల ఏళ్లుగా ఎవరి ఓడ వాళ్లు నడుపుకుంటున్న హిందూ మహాసముద్రంలోకి వచ్చి, 1502 నుంచి కార్తాజ్ అనే అనుమతి చీటీ పెట్టారు. ఎవరూ అడగలేదు. చీటీ కొనుక్కో, మా కోట ఉన్న రేవులో ఆగి సుంకం కట్టు, లేదంటే ఓడ మాది! అక్బరు మేనత్త గుల్బదన్ బేగం అంతటావిడ హజ్‌కు బయల్దేరి, ఈ చీటీ కోసం సూరత్‌లో పడిగాపులు కాసింది. ఆ లెక్కన నేను చవగ్గా బయటపడ్డట్టే.

ఉన్నమాట చెప్పుకోవాలి కాబట్టి, అమెరికా ఖండపు మిరపకాయను మన ఒడ్డుకు చేర్చిందీ వీళ్లే. గుంటూరు మిర్చి యార్డు మొత్తం ఆ ఉపకారం మీదే నిలబడింది. దాన్ని మాత్రం బిల్లులో వేయడం మరిచిపోయారు. గుర్తు చేయకండి.

జెరోనిమోస్ చర్చిలోకి అడుగుపెట్టగానే గామా సమాధి కనిపిస్తుంది. దాని మీద రాతి మనిషి వెల్లకిలా పడుకుని, రెండు చేతులూ జోడించి ఉంటాడు. అందరూ ఫొటోలు తీసుకుంటున్నారు. నాకు మాత్రం అక్కడ బేసిన్లు గుర్తురాలేదు. 1502లో రెండోసారి వచ్చినప్పుడు, మక్కా నుంచి తిరిగొస్తున్న యాత్రికుల ఓడ మీరీని ఆయన దోచుకున్నాడు. లోపల మనుషులుండగానే నిప్పు పెట్టించాడు. వందల మంది. తల్లులు పసిపిల్లల్ని పైకెత్తి చూపిస్తూ బతిమాలారని ఆ నౌకాదళంలో వచ్చినవాడే రాసిపెట్టాడు. వాళ్లలో ఎవరికీ సమాధి లేదు. ఐదు వందల ఏళ్ల నాటి పగ మోసే ఓపిక నాకూ లేదు, నాకు రొట్టె పెట్టిన కుర్రాడు పొట్ట చేతబట్టుకుని నేపాల్ నుంచి వచ్చినవాడు. అయినా ఆ జోడించిన చేతుల ముందు నవ్వు రాలేదు.

లిస్బన్ అందమైన ఊరు. మనుషులు మంచివాళ్లు. తప్పకుండా వెళ్లి రండి. తెల్లరాళ్లు పరిచిన పేవ్‌మెంట్లు వాన పడితే జారతాయి, పట్టున్న బూట్లు వేసుకోండి. ఆ సమాధి పక్కన సెల్ఫీ దిగాలనుకుంటే మాత్రం, ముందు మీరీ ఓడ గురించి చదివి వెళ్లండి. దిగాలో వద్దో అప్పుడు మీరే తేల్చుకోండి.