బాధ్యత నేర్పే కుక్క

ప్రొద్దుటూరులో ఇప్పుడు పిల్లలకు బాధ్యత నేర్పాలంటే కుక్కపిల్లను కొనాలట. బంగారానికి పేరుబడ్డ ఊళ్లో వీధికుక్కను చేరదీస్తే పరువేం కావాలి? అందుకని హస్కీని తెప్పిస్తారు. సైబీరియాలో చుక్చీ జనం మంచుబండ్లకు కట్టిన జాతి అది. మే నెలలో కడప జిల్లా ఎండ ఎట్లుంటుందో దానికి ఎవరూ ముందుగా చెప్పరు. దాని కోసం ఏసీ. ఏసీ ఉంది కాబట్టి అబ్బోడూ ఆ గదిలోనే. అబ్బోడు ఉన్నాడు కాబట్టి ఫోనూ అక్కడే. బాధ్యత మాత్రం వంటింట్లో, అమ్మ దగ్గర.

ఫ్రిజ్ మీద టైంటేబుల్ అంటిస్తారు. పొద్దున నీళ్లు అబ్బోడు, సాయంత్రం తిప్పుకొచ్చేది పాప. మొదటి వారం గిన్నె నాకంటే నాకని కొట్లాట. రెండో వారం వంతు నీదంటే నీదని కొట్లాట. మూడో వారానికి గిన్నె కడిగేది జేజి. "మీ నాయనకు గూడ ఇంత సాకిరీ చేయలేదు కదరా" అని ఆమె గొణుగుడు.

ఇట్లాంటి ఇంట్లోనే ఆరేళ్లోడు ప్రేమ పొంగి తన కారం దోసెలో సగం కుక్కకు పెట్టినాడు. దోసెకు పూసే కారంలో ఎర్రగడ్డ ఉంటుంది. ఎర్రగడ్డ కుక్క రక్తంలోని ఎర్రకణాలను దెబ్బతీస్తుందని టైంటేబుల్ రాసిన పెద్దమనిషికే తెలియదు. తిట్లు మాత్రం పిల్లోడికి. పంచుకొని తినమని వాడికి చెప్పిందెవరు మరి?

హస్కీకి స్తోమత చాలనోళ్లు చిలకను తెస్తారు. రామచిలకను పంజరంలో పెట్టడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. బిడ్డకు జీవకారుణ్యం నేర్పడానికి నాయన జైలుకైనా సిద్ధం!

జమ్మలమడుగు పక్క పల్లెల్లో బండలాగుడు ఎద్దులు మేపే ఇండ్లకు పోండి. గోడ మీద ఏ టైంటేబులూ ఉండదు. నాయన ఉలవలు ఉడకేస్తాడు, పిల్లోడు గంప పట్టుకుంటాడు. గిట్టలు పెద్దోళ్లు చూస్తారు, గంగడోలు వాడు నిమురుతాడు. ఎద్దు తల విసిరితే ఎంత దూరం జరగాలో నాయన జరిగినప్పుడు చూసి నేర్చుకుంటాడు. (గొడ్లు కాయమని బడి మాన్పించిన పాతకాలపు పెద్దలు గూడ బాధ్యతే నేర్పుతున్నామన్నారు. వాళ్లకు నేను సర్టిఫికెట్ ఇయ్యను.)

పులివెందుల చీనీతోటల్లో లెక్క తిరగబడుతుంది. అక్కడ కుక్కే పిల్లల్ని చూసుకుంటుంది. దానికి సూది వేయించినారా అని అడిగి చూడండి. "మన కుక్కే గదా సామీ, ఏమైతాది?" అంటారు. 1885 జూలై 6న పాశ్చర్ రేబిస్ టీకా వేయించిన జోసెఫ్ మైస్టర్‌కు తొమ్మిదేళ్లు. ఇప్పటికీ పన్ను దిగినా, గోరు గీరినా తిట్లకు భయపడి దాచేది ఆ ఈడు పిల్లలే. కుక్కపిల్లకు మూడు నెలలప్పుడు టీకా వేయించి, తర్వాత గుర్తుపెట్టుకొని మళ్లీ మళ్లీ వేయించడం, కరిస్తే ధారనీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి ఆస్పత్రికి పరుగెత్తడం, ఇవి ఏ పిల్లోడి వంతు? ఫ్రిజ్ మీది కాగితంలో పెద్దోళ్ల పేర్లకు గడే ఉండదు.

ఆరో తరగతి రాగానే ఐఐటీ ఫౌండేషన్ అని అబ్బోణ్ని విజయవాడ హాస్టల్లో వేస్తారు. అక్కడ కుక్కల్ని రానియ్యరు. ఇంటికాడ మిగిలిన హస్కీ పొద్దున ఐదింటికే తలుపు గీరుతుంది. నాయన చెప్పులు తొడుక్కొని, తిట్టుకుంటా, గొలుసు పట్టుకొని బయల్దేరతాడు. ఏండ్ల తరబడి డాక్టరు మొత్తుకున్నా నడవని మనిషి! ఇప్పుడాయన షుగర్ అదుపులో ఉంది. ఆదివారం అబ్బోడు హాస్టల్ నుంచి ఫోన్ చేస్తాడు. ఆయన మార్కులు అడిగేలోపే వాడు అందుకుంటాడు:

"నాయనా, దానికి నీళ్లు పెట్టినావా?"

"పెట్టినా సార్."