ఇటలీలో సెలవు, పేటలో కొలువు

ఇటలీ వెళ్లొచ్చినవాళ్లంతా ఒకే మాట పట్టుకొస్తున్నారు: "వాళ్లకు బతకడం తెలుసండీ!" వెనిస్‌లో పడవెక్కినవాడిదీ అదే మాట, పీసా గోపురానికి చెయ్యి ఆనించినట్టు ఫొటో దిగినవాడిదీ అదే మాట, రోములో రాళ్లు చూసి మోకాళ్ల నొప్పులు తెచ్చుకున్నవాడిదీ అదే మాట. నందిగామ నుంచి జగ్గయ్యపేట దాకా ఈ మధ్య యూరప్ ప్యాకేజీ చేసొచ్చిన మిర్చి కమీషన్ షావుకార్లు, ఎరువుల డీలర్లు, వెంచర్ల యజమానులు తక్కువేం లేరు. పెనుగంచిప్రోలు వచ్చి మున్నేటి ఒడ్డున కాసేపు కూర్చున్నా ఎవరో ఒకరి నోట ఇటలీ వినపడుతుంది. ఈ భూమ్మీద బతకడం చేతకానిది మన ఒక్కళ్లకేనట.

సరే, వీళ్లందరినీ కలిపి ఒక్క మనిషిని చేసి, "ఇటలీ బాబాయి" అని పేరు పెట్టుకుందాం. ఎవరికి వారు తమను కాదనుకోవడానికి వీలుగా ఉంటుంది.

బాబాయి మొదట ఎత్తుకునేది మధ్యాహ్నం సంగతి. అక్కడ చిన్న ఊళ్లలో ఒంటిగంటయ్యేసరికి కొట్లకు తాళాలు పడతాయి. మళ్లీ మూడున్నరకో నాలుగింటికో తీస్తారు. బేరం గుమ్మంలో నిలబడి ఉన్నా సరే, షావుకారు ఇంటికెళ్లి భోంచేసి ఓ కునుకు తీస్తాడు. "అదీ జీవితమంటే!" అని బాబాయి పొంగిపోతాడు. ఆ మాట అంటుండగానే కొట్టు వెనక బస్తాల మీద నడుం వాల్చిన గుమస్తా కంటబడతాడు. "ఏరా, జీతమిచ్చేది పడుకోవడానికా?" తెనాలి వెళ్లినా తెల్లవాళ్ల దేశం వెళ్లినా బాబాయి గొంతులో ఆ జీర మాత్రం మారదు.

రెండోది సాయంత్రం షికారు. పొద్దుగూకే వేళకు ఊరు ఊరంతా బజార్న పడుతుందట. పిల్లా జెల్లా, ముసలీ ముతకా ముస్తాబై ఆ చివరి నుంచి ఈ చివరికి నడుస్తారట. అవ్వలు గుమ్మం ముందు కుర్చీలేసుకుని వచ్చేపోయేవాళ్లను పలకరిస్తారట. పాత ఊరి నడిబొడ్డుకు కార్లు రానివ్వరట, వస్తే కెమెరా పట్టేస్తుందట, జరిమానా ఇంటికొస్తుందట. ఇవన్నీ నిజమే. కాకపోతే మన ఇళ్లకూ వీధి అరుగులుండేవి. అవ్వలు వాటి మీద కూర్చుని దారిన పోయేవాడి మూడు తరాల వంశవృక్షం విప్పేవాళ్లు. బాబాయి ఇంటికీ ఉండేది. దాన్ని కొట్టించి ఇనప షట్టర్లు పెట్టించింది బాబాయే. అద్దెలొస్తున్నాయి. ఇక నడక సంగతంటారా, వాటికన్ మ్యూజియం ముందు క్యూలో ఎండకు మాడి నిలబడొచ్చి, "ఎంత క్రమశిక్షణ!" అని మెచ్చుకునే బాబాయి, పెనుగంచిప్రోలు తిరుపతమ్మ గుడికి మాత్రం కారు ధ్వజస్తంభం దాకా పోనిమ్మంటాడు. జేబులో వీఐపీ దర్శనానికి సిఫార్సు ఉత్తరం సిద్ధం.

తిండి సంగతి అడక్కండి. "ఆ పాస్తా, ఆ టమాటా, ఆ ఆలివ్ నూనె!" అని లొట్టలేస్తాడు గానీ, ప్యాకేజీవాళ్లు రెండు పూటలా బస్సును ఇండియన్ హోటలుకే తోలారని, రోములో తిన్నది పప్పూ అన్నమేనని, సూట్‌కేసులో కందిపొడి డబ్బా, ఆవకాయ సీసా వెళ్లాయని పిన్ని చెబుతుంది. అయినా బాబాయి "స్లో ఫుడ్" మీద ఉపన్యాసం ఇవ్వగలడు. 1986లో రోములో స్పానిష్ మెట్ల దగ్గర మెక్‌డొనాల్డ్స్ పెడుతున్నారంటే జనం అడ్డం తిరిగారని, కార్లో పెట్రీని అనే పెద్దమనిషి పట్టుదలతో అది ప్రపంచమంతా పాకిన ఉద్యమమైందని గైడు చెప్పింది చెప్పినట్టు వల్లిస్తాడు. వల్లిస్తూనే హైవే మీద తన స్థలాన్ని బర్గర్ల కంపెనీకి లీజుకిచ్చే బేరం ఫోన్లో తెములుస్తాడు.

ట్రేవి ఫౌంటెన్ దగ్గర బాబాయి వెనక్కి తిరిగి, కుడిచేత్తో ఎడమ భుజం మీదుగా నాణెం విసిరాడు. అలా విసిరితే మళ్లీ రోముకు వస్తారని నమ్మకం. అక్కడ పోగుపడే నాణేలు ఏటా దాదాపు 15 లక్షల యూరోలు ఉంటాయి, కారితాస్ అనే సంస్థ ద్వారా పేదలకు వెళ్తాయి. మంచి పనే. కానీ బస్సు మున్నేటి వంతెన మీద పోతుంటే పిన్ని చీర కొంగు ముడి విప్పి రూపాయి బిళ్ల నీళ్లలో వేస్తే, "ఇంకా ఈ మూఢనమ్మకాలేంటే!" అని కసిరింది ఈ బాబాయే.

ఊరికొచ్చి కోతలు కోసే విద్య కూడా అటునుంచే వచ్చినట్టుంది. వెనిస్ నుంచి బయల్దేరిన మార్కోపోలో పదమూడో శతాబ్దం చివర్లో మన మోటుపల్లి రేవు గురించి రాస్తూ, పరిపాలిస్తున్న రాణిని మెచ్చుకున్నాడు, సాలెగూడంత సన్నని బట్టను మెచ్చుకున్నాడు. అక్కడితో ఆగితే బాగుండేది. వజ్రాల దగ్గరికొచ్చేసరికి, పాములున్న లోయల్లోకి మాంసం ముక్కలు విసిరితే వాటికి వజ్రాలు అతుక్కుంటాయని, గద్దలు ఆ ముక్కల్ని పైకి తెస్తే జనం ఏరుకుంటారని రాసుకున్నాడు. నందిగామ పక్కన పరిటాలలో వజ్రాల కోసం భూమి తవ్వి నడుములు విరగ్గొట్టుకున్న కూలీలు ఈ గద్దల కథ వింటే ఏమనేవాళ్లో! యాత్రికుడికి ఎప్పుడూ గద్దే కనపడుతుంది, గునపం కనపడదు.

ఇక పండగలు. బాబాయి గొంతు ఇక్కడ గాద్గదికమవుతుంది. రోముకు ఉత్తరాన వితెర్బో అనే ఊరుంది. సెప్టెంబర్ 3 రాత్రి అక్కడ సాంతా రోజా పేరిట దీపాలు పొదిగిన గోపురాన్ని ఊరేగిస్తారు. ఎత్తు సుమారు 30 మీటర్లు, బరువు దాదాపు 5 టన్నులు. తెల్ల బట్టలు కట్టుకున్న వందమంది మగవాళ్లు దాన్ని భుజాలకెత్తుకుని ఇరుకు సందుల్లోంచి మోసుకుపోతారు. వీధిదీపాలు ఆర్పేస్తారు. యునెస్కో దీన్ని 2013లో వారసత్వ జాబితాలో చేర్చింది. సియెనా ఊళ్లో జూలై 2న, ఆగస్టు 16న గుర్రప్పందెం. మైదానం చుట్టూ మూడు చుట్లు, నిమిషంన్నరలో అయిపోతుంది. పందేనికి ముందు ఏ పేట గుర్రాన్ని ఆ పేట చర్చి లోపలికి నడిపించి దీవెన ఇప్పిస్తారు. రౌతు మధ్యలో పడిపోయినా గుర్రం ముందొస్తే గెలిచినట్టే. బాబాయికి ఇది "కల్చర్". కోటప్పకొండకు కట్టే ప్రభలు మాత్రం "కరెంటు తీగలకు అడ్డం". మన వైపు తిరునాళ్లలో ఒంగోలు ఎడ్లకు బొట్టు పెట్టి బండ లాగిస్తే "మోటు జనం".

పోనీ, తన ఊరి పక్కనే జరిగేదైనా ఎప్పుడన్నా చూశాడా? పెనుగంచిప్రోలు తిరుపతమ్మవారిది చెక్క విగ్రహం. చెక్క కనుక రంగు వెలుస్తుంది. అందుకని రెండేళ్లకోసారి అమ్మవారినీ, గోపయ్యస్వామినీ, తోడి దేవతలనూ జగ్గయ్యపేట తీసుకొస్తారు. అక్కడ రంగుబజారులో కొత్త రంగులు దిద్దించుకుని అమ్మవారు మళ్లీ ఊరేగింపుగా పెనుగంచిప్రోలు వెళ్తుంది. దారి పొడుగునా ఊళ్లు ఎదురొస్తాయి, బిందెలతో నీళ్లు వారపోస్తాయి, డప్పులు మోగుతాయి, పసుపు నీళ్లకు రోడ్డు బురదవుతుంది. దేవతే ఇల్లు వదిలి, పేటకొచ్చి, కొన్నాళ్లుండి, ముస్తాబై తిరిగెళ్లే పండగ ఏ దేశంలో ఉన్నా బాబాయి టికెట్టు కొనుక్కుని వెళ్లేవాడు. ఇక్కడ మాత్రం "ట్రాఫిక్ జామ్" అని ఏసీ పెంచుకుని అద్దాలెక్కిస్తాడు.

ఇంతదాకా చెప్పింది చదివి, "మనకూ ఉన్నాయి, మనవే గొప్పవి" అని మీసం మెలేయబోయే దేశభక్తులు కాస్త ఆగాలి. నా తగువు అది కాదు. ఇటలీవాళ్లకు బతకడం తెలుసన్న మాటే పట్టుకుంటాను. అది వాళ్ల రక్తంలో ఉందని, ఆ ఎండలో ఉందని, ద్రాక్షసారాలో ఉందని బాబాయి నమ్మకం. కాదు. అది కాగితం మీద ఉంది. 1948 జనవరి 1న అమల్లోకొచ్చిన వాళ్ల రాజ్యాంగం మొదటి అధికరణమే ఇటలీ శ్రమ పునాది మీద నిలిచిన ప్రజాస్వామ్య రిపబ్లిక్ అంటుంది. 36వ అధికరణం ప్రకారం కార్మికుడికి వారానికో రోజు విశ్రాంతి, ఏటా జీతంతో కూడిన సెలవులు హక్కు. తనంతట తానే వద్దనుకుని వదులుకోవడానికి కూడా వీల్లేదు! డిసెంబర్ వచ్చిందంటే పదమూడో నెల జీతం చేతిలో పెట్టాలి. ఏ ఊరి పునీతుడి పండగకు ఆ ఊళ్లో సెలవు: రోముకు జూన్ 29, మిలాన్‌కు డిసెంబర్ 7, నేపుల్స్‌కు సెప్టెంబర్ 19. ఆగస్టు 15 నాటి సెలవుకు మూలం అగస్టస్ చక్రవర్తి కాలం నాటిది. అయితే చక్రవర్తులిచ్చినవి కొన్ని, కొట్లాడి తెచ్చుకున్నవే ఎక్కువ. 1969లో టురిన్, మిలాన్ ఫ్యాక్టరీల్లో లక్షలమంది సమ్మె కట్టారు. 1970 మే నెలలో కార్మికుల హక్కుల చట్టం వచ్చింది. బాబాయి ఫొటో తీసుకున్న ఆ మూసిన తలుపు మీద ఈ సంగతులు రాసి ఉండవు. గైడూ చెప్పడు, బస్సుకు టైమవుతుంది.

ఆ తలుపు అందరికీ మూతపడుతుందనీ అనుకోవద్దు. 2024 జూన్‌లో రోముకు దక్షిణాన లతీనా దగ్గర పొలంలో, కాగితాలు లేకుండా పనిచేస్తున్న ఒక పంజాబీ కూలీ చెయ్యి యంత్రంలో పడి తెగిపోయింది. ఆస్పత్రికి తీసుకెళ్లకుండా ఇంటి ముందు దించేసి పోయారు. ఆ తర్వాత రోజుల్లోనే ఆ మనిషి చనిపోయాడు. వేలమంది వీధిలోకొచ్చారు. బాబాయి లొట్టలేసిన కూరగాయల వెనక ఇలాంటి చేతులు చాలా ఉన్నాయి. చట్టం ఉన్నచోట కునుకుంది, చట్టం చేరనిచోట కోత కూలీ ఉన్నాడు. ఇందులో రక్తం, ఎండ, ద్రాక్షసారా ఎక్కడా లేవు.

మన దగ్గర గాలి ఎటు వీస్తోందో చూడండి. 2023 అక్టోబర్‌లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తిగారు కుర్రకారు వారానికి 70 గంటలు పనిచేయాలన్నారు. 2025 జనవరిలో ఎల్ అండ్ టీ చైర్మన్ సుబ్రహ్మణ్యన్‌గారు పాట పెంచి 90 అన్నారు. అదే ఏడాది జూన్‌లో మన రాష్ట్ర మంత్రివర్గం రోజుకు 9 గంటలున్న పని పరిమితిని 10 చేయడానికి ఒప్పుకుంది. ఈ మూడు వార్తలనూ వాట్సాప్‌లో చప్పట్లతో పంచిన బాబాయే నాలుగో మెసేజీగా పంపింది టస్కనీలో సూర్యాస్తమయం. కింద వ్యాఖ్య: "జీవితాన్ని ఆస్వాదించండి."

ఎవరి జీవితం, బాబాయ్? మాఘ పౌర్ణమికి పెనుగంచిప్రోలులో అమ్మవారి కల్యాణం, పెద్ద తిరునాళ్లు. సరిగ్గా అప్పుడే మిర్చి కోతలు, కల్లాల్లో ఎర్రటి పోగులు, టిక్కీలు ఎత్తే హడావిడి. గుమస్తా వచ్చి తల గోక్కుంటూ నిలబడతాడు. "అయ్యగారూ, పిల్లలు తిరునాళ్లకు పోదామంటున్నారు, రెండ్రోజులు..." బాబాయి కళ్లజోడు పైనుంచి చూస్తాడు. "సీజన్లో సెలవా? ఇందుకేరా మన దేశం బాగుపడనిది!" రంగుల కోసం అమ్మవారికైనా రెండేళ్లకోసారి పేట ప్రయాణం ఉంది. పేటలో గుమస్తాకు ఆ మాత్రం యోగం కూడా లేదు.

ఇటలీ దాకా వెళ్లక్కర్లేని సంగతొకటి చెప్పి ముగిస్తాను. 1988 నాటి ఆంధ్రప్రదేశ్ దుకాణాలు, సంస్థల చట్టం కొట్లో పనిచేసేవాడికి వారానికో సెలవు ఇవ్వమంటుంది. ఏడాదిలో 240 రోజులు పనిచేసినవాడికి మరుసటి ఏడు జీతంతో 15 రోజుల సెలవు ఇవ్వమంటుంది. దానికి పాస్‌పోర్టు అక్కర్లేదు, వీసా అక్కర్లేదు. నందిగామ, జగ్గయ్యపేట షావుకార్లకు నా మనవి ఒక్కటే: వచ్చే మాఘ పౌర్ణమికి గుమస్తా అడక్కముందే ఆ రెండు రోజులూ ఇవ్వండి, జీతం కొయ్యకండి.