ఎండ మీద మోపిన నేరం

బెజవాడలో తలనొప్పికి కారణం వెతుక్కోనక్కర్లేదు. బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గర కాసేపు ఆగితే చాలు, వేసవైతే ఎండ, కాకపోతే పొగ. నేనూ ఆ లెక్కే నమ్మాను. రోహిణి కార్తెలో కుడి కణత సలుపుతుంటే వడదెబ్బ అన్నాను. వానలు పడ్డాయి, కాలవలకి నీళ్లొదిలారు, పామర్రు వైపు నాట్లూ అయిపోయాయి. సలుపు మాత్రం పోలేదు. అప్పుడు కూడా "ఈ ఏడు ఉక్క ఎక్కువ" అన్నానే గానీ నోరు తెరిచి అద్దంలో చూసుకోలేదు.

నన్ను నిలువునా ముంచింది చల్లటి నీళ్లు. కాఫీ గుక్క పడగానే చెంప నుంచి కణత దాకా పోటు లేచేది. ఫ్రిజ్‌లో నీళ్లు పుక్కిట పట్టుకుంటే ప్రాణం లేచొచ్చేది. చలవకి తగ్గింది కాబట్టి ఇది వేడే అని తీర్మానించాను. వేడికి రేగి, చల్లదనానికి అణగడం పంటి లోపలి గుజ్జు బాగా చెడిపోయిందనడానికి దంతవైద్యులు చూసే గుర్తుల్లో ఒకటట. నేనేమో జబ్బు గుర్తునే మందనుకుని సీసాలు సీసాలు తాగాను.

కుడివైపు పై దవడలో పిప్పి పన్ను ఉందని నాకు తెలియక కాదు. బందరు హల్వా తింటే సగం అందులోనే ఉండిపోయేది. అందుకని ఎడమవైపు నమలడం అలవాటు చేసుకున్నాను. పీకించుకుందామంటే మా అమ్మ అడ్డం. "పైపన్ను పీకిస్తే చూపు పోద్దిరా నాయనా, కంటి నరం దానికే ఉంటది" అనేది. చదువుకున్నవాణ్ని కదా, పైకి నవ్వేవాణ్ని. లోపల మాత్రం ఆ మాట నాకు బాగా పనికొచ్చింది. సూదంటే నాకున్న భయానికి అమ్మ పేరు పెట్టుకున్నాను.

ఇక డాక్టర్ల కోసం సూర్యారావుపేటలో తిరగని వీధి లేదు. కళ్లద్దాలు మార్చాను. సైనస్ అనుకుని ఆవిరి పట్టాను. మైగ్రేన్ అని నాకు నేనే పేరు పెట్టుకుని మాత్రలు మింగాను. తలకి స్కాన్ కూడా అడిగి మరీ తీయించుకున్నాను. పళ్ల గురించి అడిగిన డాక్టర్లు లేకపోలేదు. "శుభ్రంగా ఉన్నాయండీ" అన్నాను.

మధ్యలో ఓ రోజు పోటు చటుక్కున ఆగింది. రాసుకున్న లవంగ నూనె గొప్పతనమని ఇరుగుపొరుగుకి కూడా సీసాలు పంచాను. లవంగంలోని యూజెనాల్ కాసేపు తిమ్మిరెక్కిస్తుంది, అంతే. నిజంగా జరిగిందేమిటంటే పంటి లోపల నరం చచ్చిపోయింది. తర్వాత చీము వేరు కొసకి చేరింది. పళ్లు కలిపితే ప్రాణం పోయేది, చెంప ఉబ్బింది.

చివరికి దంతవైద్యురాలు అడిగిన మొదటి ప్రశ్న: "ఎటువైపు నములుతారండీ?"

"ఎడమ."

"ఎన్నాళ్లుగా?"

నా దగ్గర జవాబు లేదు. ఆవిడ చిన్న కడ్డీతో పన్ను మీద తట్టారు. కణత దాకా మెరిసింది. అప్పుడు చెప్పారు. ముఖమంతటి స్పర్శా నొప్పీ మోసేది ఐదో కపాల నాడి, ట్రైజెమినల్. దానికి మూడు కొమ్మలు: నుదురు, కన్ను ఒకదానివి, చెంప, పై పళ్లు మరొకదానివి, కింది దవడ మూడోదానిది. మూడింటి కబుర్లూ మెదడులో ఒకే చోటికి చేరతాయి గనక, పంపింది పన్నో కణతో మెదడు పోల్చుకోలేకపోతుంది. పన్ను పైదో కిందిదో కూడా ఒక్కోసారి తేలదు. కానీ పంటి పోటు మామూలుగా ముఖం నడిమి గీత దాటి అవతలికి పోదు. నాదెప్పుడూ కుడివైపే. అన్ని నెలలూ ఎండ నా కుడి కణతనే ఎందుకు కాలుస్తోందని ఒక్కసారైనా అనుమానం రాలేదు నాకు.

అమ్మ మాటలో సగం నిజముంది. పై పన్ను పోటు కంటి చుట్టూ తెలుస్తుంది. కానీ చూపు రెండో కపాల నాడిది, పన్ను పీకితే దానికేమీ కాదు. రూట్ కెనాల్ చేయడానికి పంటిలో ఏమీ మిగల్లేదు, పీకేశారు. తలనొప్పి పోయింది. ఇంటికెళ్లగానే అమ్మ వేళ్లు చూపించి లెక్కపెట్టమంది. సరిగ్గానే చెప్పాను, అయినా ఆవిడ పూర్తిగా నమ్మలేదు.

ఇది చదివి ప్రతి తలనొప్పికీ పన్ను పీకించుకోకండి. సైనస్ చెడితే మంచి పై పళ్లు కూడా నొప్పి పెడతాయి. కరెంటు కొట్టినట్టు క్షణాల పాటు వచ్చిపోయే పోటు ట్రైజెమినల్ నాడి జబ్బే కావచ్చు. దాన్ని పంటినొప్పి అనుకుని గట్టి పళ్లు పోగొట్టుకున్నవాళ్లున్నారు. మెట్లెక్కితే వచ్చి కూర్చుంటే తగ్గే దవడ నొప్పి గుండెది కావచ్చు. తేల్చడానికి డాక్టరున్నారు. విజయవాడలో ప్రభుత్వ దంత వైద్య కళాశాలే ఉంది, గన్నవరం దగ్గర చినఔటపల్లిలో ఇంకో దంత కళాశాల ఉంది. దవడ కింద వాచి, జ్వరంతో పాటు మింగడమో నోరు తెరవడమో కష్టమైతే మాత్రం తెల్లవారేదాకా ఆగకండి, ఆ రాత్రే పెద్దాసుపత్రికి వెళ్లండి. ఆ వాపు గొంతుకి పాకితే ఊపిరి ఆడదు.